పాత సీలింగ్ విప్పినప్పుడే మిద్దె సెగకు లోపలి నుంచి అడ్డు వేసుకోవడం ఎలా?

అనంతపురంలో మే నెల రాత్రి ఎనిమిది గంటలకు, బయట గాలి కాస్త చల్లబడిన తరువాత కూడా, పై అంతస్తు గదిలో ఫ్యాను వేస్తే వేడిగాలే కిందికి దిగుతుంది. ఐదు అంగుళాల కాంక్రీటు శ్లాబు పగలంతా పీల్చుకున్న ఎండ దాని అడుగు భాగానికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, మధ్యాహ్నపు సెగ మనకు సాయంత్రం మొదలై రాత్రి దాకా నెత్తిమీద ఉంటుంది. దూలాలు, దంతెల మీద మట్టి పరచి, వానలకు ముందు చవుడు చల్లుకునే పాత మట్టి మిద్దెల్లో ఈ బాధ ఇంతగా లేకపోవడానికి కారణం ఆ మట్టి మందమే. శ్లాబు ఇంట్లో ఆ మందం చేసే పనిని వేరే వస్తువుతో చేయించుకోవాలి. మరకలు పడిన పీఓపీ సీలింగునో, పసుపెక్కిన థర్మకోల్ సీలింగునో మార్చుకుంటున్నవారికి శ్లాబు అడుగు భాగం నాలుగు రోజులు బయటపడుతుంది. ఆ నాలుగు రోజుల్లో చేయవలసిన పని ఇది. కొత్త సీలింగ్ బిగించిన తరువాత గుర్తుకు వస్తే మళ్లీ అంతా విప్పవలసిందే.

పైనా, కిందా అన్నది ముందు తేల్చుకోండి

మిద్దె పైభాగం మీ చేతిలో ఉండి, అక్కడ పని చేయించుకునే వీలుంటే, సెగకు అడ్డు పైనుంచి వేయడమే మేలని నేను అంటాను. పైన వేస్తే శ్లాబే వేడెక్కదు. లోపల వేస్తే శ్లాబు ఎప్పటిలాగే ఎండకు కాలుతుంది, పైగా కిందికి దిగే దారి మూసుకుపోయినందువల్ల మునుపటికంటే ఇంకొంచెం ఎక్కువ కాలుతుంది. అలా పగలు సాగి, రాత్రి ముడుచుకునే శ్లాబు పిట్టగోడ మొదట్లో సన్నని బీటలు తెస్తుంది. అయితే అపార్ట్‌మెంటులో పై అంతస్తు మీదై, మిద్దె మాత్రం అందరిదీ అయినప్పుడు, ఈమధ్యనే డబ్బు పోసి పైన నీరు దిగకుండా పూత వేయించుకున్నప్పుడు, పైన బట్టలు, వడియాలు, నీళ్ల ట్యాంకు, సోలార్ పలకలు అన్నీ ఉన్నప్పుడు లోపలి పద్ధతే మిగులుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా పైన తెల్లని పూత ఉండాలి; ఏటా వేసవికి ముందు రెండు చేతులు సున్నం కొట్టించినా శ్లాబు మీద పడే ఎండలో చాలా భాగం అక్కడే వెనక్కి పోతుంది. లోపలి పని దానికి తోడే తప్ప బదులు కాదు.

ఎంత మందం?

వేడిని అడ్డగించడంలో రెండు అంగుళాల రాక్ ఊలు (రాతిని కరిగించి తీసిన పీచు) సుమారు ఆరున్నర అడుగుల కాంక్రీటుకు సమానం. అలాగని మందం రెట్టింపు చేస్తే లాభమూ రెట్టింపు కాదు. ఐదు అంగుళాల శ్లాబు నుంచి గదిలోకి దిగే వేడి, ఒక అంగుళం రాక్ ఊలు వేస్తే దాదాపు మూడో వంతుకు, రెండు అంగుళాలు వేస్తే ఐదో వంతుకు, మూడు అంగుళాలు వేస్తే ఏడో వంతుకు తగ్గుతుంది. మొదటి అంగుళం చేసే మేలే పెద్దది. నివాస భవనాల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, పైకప్పులో ఒక చదరపు మీటరు నుంచి ఒక్కో డిగ్రీ తేడాకు దిగే వేడి 1.2 వాట్లకు మించకూడదని చెబుతుంది. ఉత్త శ్లాబుకు ఆ లెక్క మూడుకు పైనే ఉంటుంది. ఒక అంగుళం ఊలుతో హద్దుకు కాస్త లోపలికి వస్తుంది, రెండు అంగుళాలతో 0.65 దగ్గర నిలుస్తుంది. సీలింగ్ చట్రాన్ని వేలాడదీసే ఇనుప పట్టీల గుండా కొంత వేడి తప్పించుకుని వస్తుంది కాబట్టి అంగుళం దగ్గర ఆగవద్దు. మా ఎండలకు రెండు అంగుళాలు సరైన మందం. మూడో అంగుళానికి పెట్టే డబ్బును పడమటి గోడకు, పడమటి కిటికీ మీద నీడకు పెట్టుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

వస్తువు ఎంపికలో నా మొగ్గు రాక్ ఊలు పలకల వైపే. అది కాలదు, చెద పట్టదు, చువ్వల చుట్టూ, పెట్టెల చుట్టూ కత్తితో కోసి ఇమిడ్చినప్పుడు సందు లేకుండా కూర్చుంటుంది. చుట్టలుగా దొరికేది వద్దు. అది కొన్నాళ్లకు పొట్ట వేలాడేస్తుంది. ఘనపు మీటరుకు 48 కిలోలు, అంతకు మించిన సాంద్రత ఉన్న గట్టి పలకలు, ఒక వైపు అల్యూమినియం రేకు అంటించి వచ్చినవి అడగండి. రెండు అంగుళాల మందంలో ఇవి చదరపు మీటరుకు రెండున్నర కిలోలే తూగుతాయి కాబట్టి శ్లాబు మీద బరువు గురించి దిగులు అక్కరలేదు. ఎక్స్‌పీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ నురుగు పలకలు అదే మందానికి ఊలుకంటే కొంచెం బాగా పనిచేస్తాయి, చెమ్మనూ పీల్చుకోవు, కానీ అవి కాలే వస్తువులు. వాటిని వాడితే మంటను తట్టుకునే రకమే కొని, కింద జిప్సమ్ బోర్డు తప్పనిసరిగా మూయాలి. మామూలు ప్యాకింగ్ థర్మకోల్‌ను ఈ పనికి వాడనే వద్దు. అది పీవీసీ తీగలకు ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే తీగ మీది తొడుగు మెత్తదనం పోయి పెళుసెక్కుతుంది.

సీలింగ్ విప్పకముందు

అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే కాబట్టి మిద్దె కారడాన్ని మనం పెద్దగా పట్టించుకోము. సెప్టెంబరులో ఒక్క రాత్రి గట్టి వాన కురిస్తే బకెట్టు పెట్టి సరిపెట్టుకుంటాము. లోపల ఊలు వేసిన తరువాత ఆ బకెట్టుకు నీరు కనబడదు. ఊలు తాగుతుంది, రేకు పైన నిలుస్తుంది, లోపల కమ్మీలు తుప్పు పడతాయి. అందువల్ల తూములు మూసి, మిద్దె మీద రెండు అంగుళాల నీరు నిలబెట్టి, రెండు రోజులు కింద గమనించండి. ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే ముందు దానికి మందు వేయించి, ఈ పనిని మరుసటి నెలకు వాయిదా వేసుకోండి.

నీళ్ల పరీక్ష నెగ్గిన శ్లాబు కూడా లోపల తడిగా ఉండవచ్చు. పాత సీలింగ్ విప్పిన రోజే అడుగున్నర చదరం పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని శ్లాబు అడుగున నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా అంటించి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. మరుసటి రోజు కాగితం లోపలి వైపు నీటి చుక్కలు పట్టి ఉంటే శ్లాబు ఇంకా ఆరలేదని అర్థం. ఈ పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. శ్లాబు ఎండి ఉంటుంది, మే నెల రాకముందే గది సిద్ధమవుతుంది.

విప్పే ముందు పాత సీలింగ్ దేనితో చేసినదో చూసుకోండి. థర్మకోల్, పీఓపీ, జిప్సమ్ అయితే ఇబ్బంది లేదు. కొన్ని పాత ఇళ్లలో ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులను సీలింగుగా కొట్టి ఉంటారు. వాటిని సుత్తితో పగలగొట్టకూడదు, రంపంతో కోయకూడదు; నీటితో తడిపి, మేకులు, స్క్రూలు విడదీసి, రేకును రేకుగానే దించి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరువాత కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

శ్లాబును చదవడం

సీలింగ్ దిగిన తరువాత నిచ్చెన ఎక్కి, చిన్న సుత్తితో శ్లాబు అడుగు భాగాన్ని అడుగుకొకసారి తట్టుతూ పోండి. గట్టి చోట ఖణేలుమంటుంది, పెచ్చు విడిచిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా పలికిన ప్రతిచోటా పెచ్చును రాల్చి, కమ్మీ తుప్పును తీగ బ్రష్షుతో రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, మరమ్మతు మోర్టారుతో మూయించండి. కమ్మీ మందం బాగా తరిగిపోయి కనిపిస్తే సీలింగ్ పని ఆపి ఇంజనీరుకు చూపించవలసినదే, ఎందుకంటే కొత్త సీలింగ్ ఆ లోపాన్ని ఇరవై ఏళ్లు దాచిపెట్టగలదు.

మీ పైకప్పు శ్లాబు కాక, ఇనుప దూలాల మీద కడప బండలో బేతంచెర్ల బండలో పరచినదైతే ఒక హెచ్చరిక. బండకు రంధ్రం వేయవద్దు. బీటలు రాయి పొరల వెంట పారి బండ నెత్తిన పడే ప్రమాదం ఉంది. అటువంటి ఇంట్లో సీలింగ్ చట్రాన్ని దూలాలకు పట్టీలతోనో, గోడ నుంచి గోడకు వేసిన అడ్డ పైపులతోనో నిలబెట్టి, ఊలు పలకలను ఆ చట్రం మీదే పరచుకోవాలి.

శ్లాబు లోపల కరెంటు పైపులు పోయి ఉంటాయి. ఫ్యాను పెట్టె నుంచి స్విచ్ బోర్డు ఉన్న గోడ వైపు ఒక గీత ఊహించుకోండి, కానీ దానిని నమ్మకండి. సెంట్రింగ్ మీద పైపు పరచినవారు దగ్గర దారి చూసుకుంటారు తప్ప తిన్నని దారి కాదు. మా ఇంట్లో మొదటి గది పనిలో రెండో రంధ్రమే పైపులోకి దిగి, తీగ తెగి, గోడ పగలగొట్టి కొత్త తీగ లాగవలసి వచ్చింది. తీగలను పసిగట్టే చిన్న పరికరాన్ని అద్దెకైనా తెచ్చుకుని, కనబడిన దారులన్నీ సుద్దతో గీసి, గీతకు ఇరువైపులా నాలుగేసి అంగుళాలు వదిలేయండి. డ్రిల్లును పక్కింటి నుంచి గానీ జనరేటరు నుంచి గానీ నడిపి, రంధ్రాలు వేసేంతసేపు ఇంటి మెయిన్ స్విచ్ ఆపి ఉంచితే ఇంకా మంచిది. రంధ్రం లోతు రెండు అంగుళాలకు మించనవసరం లేదు.

పని వరుస

సీలింగ్ చట్రం వేలాడే ఫాస్టెనర్లను ముందు బిగించి, ఊలును తరువాత వేయాలి. చాలామంది మేస్త్రీలు తిరగేసి చేస్తారు. అప్పుడు డ్రిల్లు బిట్టుకు ఊలు చుట్టుకుని పీచు పీచుగా చిరుగుతుంది, రంధ్రం చుట్టూ గుంట పడుతుంది. గోడల మీద కొత్త సీలింగ్ మట్టాన్ని నీటి గొట్టంతోనో లేజరుతోనో గుర్తించండి. శ్లాబు నుంచి సీలింగ్ అడుగు దాకా ఐదారు అంగుళాలు చాలు: రెండు అంగుళాలు ఊలుకు, కనీసం ఒక అంగుళం ఖాళీకి, మిగిలినది చట్రానికి, బోర్డుకు. పది అడుగుల గది తొమ్మిదిన్నర అడుగులకు వస్తుంది, అది ఇబ్బందిగా తోచదు. వేలాడే పట్టీల వరుసలను నాలుగు అడుగుల ఎడంలో బిగించి, వాటిని నిటారుగా కిందికి వదిలేయండి.

ఇప్పుడు ఊలు. చేతులకు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు లేకుండా ఎవరినీ నిచ్చెన ఎక్కనివ్వకండి. పని చేసేవారు ఎండకు మాస్కు తీసేస్తారు కాబట్టి ఈ పనిని పొద్దున ఆరు నుంచి పదకొండు లోపు పెట్టుకోవడం మేలు. పలకను శ్లాబుకు గట్టిగా ఆనించి, వెడల్పు తల ఉన్న ఇనుప పిన్నులతోనో ఫాస్టెనర్లతోనో నాలుగు మూలలా, నడుమ ఒకటీ బిగించండి. ప్లాస్టిక్ పిన్నులు కూడా దొరుకుతాయి, అయితే మంట వచ్చినప్పుడు మొదట విడిచిపెట్టేవి అవే. పలకకూ శ్లాబుకూ మధ్య ఖాళీ ఉండకూడదు, పలకకూ పలకకూ మధ్య వేలు దూరే సందు కూడా ఉండకూడదు. ఖాళీ ఉంటే దానిలో చేరిన వేడిగాలి సందుల గుండా గది వైపు దారి వెతుక్కుంటుంది. పక్క పలకల అతుకులు ఒకే గీతలో రాకుండా ఇటుక వరుసల్లా తప్పించండి. అన్నీ కూర్చున్న తరువాత కోళ్ల గూళ్లకు కట్టే సన్న జాలీని కింద లాగి కట్టితే, ఏ పిన్నైనా సడలినా పలక జారి సీలింగ్ మీద పడదు.

రేకు ఉన్న వైపు కిందికి, అంటే గది వైపుకు ఉండాలి. ఇక్కడ మేస్త్రీతో వాదన తప్పదు. ఎండ పైనుంచి వస్తుంది కదా, మెరిసే వైపు పైకే పెట్టాలన్నది వారి లెక్క. మెరిసే రేకు పని చేయడానికి దాని ఎదుట గాలి ఖాళీ ఉండాలి. కాంక్రీటుకు అతుక్కున్న రేకు ఉత్త లోహం, వేడిని ఆపదు, దాటిస్తుంది. కింది వైపు ఖాళీలోకి తిరిగిన రేకు తన వేడిని కిందికి చాలా తక్కువగా వెదజల్లుతుంది. పైగా ఆ ఖాళీలో వేడి భాగం పైన, చల్లని భాగం కింద ఉంటాయి కాబట్టి గాలి కదలక నిలిచిపోతుంది, అదీ మనకు లాభమే. కిందికి తిరిగిన రేకు మీద దుమ్ము పేరుకోదు, అందువల్ల దాని మెరుపు ఏళ్లపాటు ఉంటుంది. అతుకులన్నీ రెండు అంగుళాల అల్యూమినియం టేపుతో మూసి, టేపును గుడ్డతో రుద్ది అంటించండి. ఊలు పీచు గదిలోకి రాలకుండా చూసేది కూడా ఈ టేపే.

అంచుల దగ్గర తొందరపడవద్దు. గోడ వెంట ఆరేడు అంగుళాలు వదిలేసి చేతులు దులుపుకోవడం మామూలే, కానీ రాత్రి అరచేయి పైకెత్తి పెడితే ఆ పట్టీ వేడి తెలిసిపోతుంది. కిందికి దిగిన బీము సీలింగ్ పైన దాగి ఉంటే దాని రెండు పక్కలకు, అడుగుకు కూడా ఊలు చుట్టాలి.

ఫ్యాను శ్లాబులోని కొక్కేనికే వేలాడాలి. సీలింగ్ చట్రానికి తగిలించడం ప్రాణాలతో చెలగాటం. సీలింగ్ ఎంత కిందికి దిగిందో అంత పొడుగు రాడ్డు కొనుక్కోండి, రెక్కలు సీలింగుకు తొమ్మిది, పది అంగుళాల కింద తిరగాలి, నేల నుంచి ఎనిమిది అడుగులకు తగ్గకూడదు. కొక్కెం చుట్టూ ఊలును గుండ్రంగా కోసి దగ్గరగా కూర్చండి. దీపాల తీగలన్నీ పీవీసీ పైపులో, ఊలుకు కింది వైపు, ఖాళీలో పోవాలి. వేడి శ్లాబుకూ ఊలుకూ నడుమ ఇరికిన తీగకు తన వేడి వదిలించుకునే చోటు ఉండదు. సీలింగులో దిగే ఎల్ఈడీ దీపాలకూ, వాటి డ్రైవర్ డబ్బాలకూ రేకుకు మధ్య రెండు అంగుళాల ఎడం ఉండేలా చూసుకోండి. ఖాళీ చాలకపోతే లోతు తక్కువ దీపాలు ఎంచుకోండి.

ఆ తరువాతది మామూలు సీలింగ్ పనే. జీఐ (జింకు పూత పూసిన ఇనుము) చట్రంలో బోర్డును మోసే సెక్షన్లు ఒకటిన్నర అడుగుల ఎడంలో ఉండాలి, 12.5 మిల్లీమీటర్ల జిప్సమ్ బోర్డు, తొమ్మిది అంగుళాలకొక స్క్రూ, అతుకులకు కాగితపు టేపు, జాయింటింగ్ పౌడరు. కర్ర చట్రం మాత్రం వద్దు, మన నేలల్లో చెద ఎంత ఎత్తుకైనా ఎక్కుతుంది. గోడకూ చట్రానికీ మధ్య సందులను సీలెంటుతో మూసేస్తే దుమ్మూ, పురుగులూ చేరవు. ఏసీ పైపు దూరే రంధ్రాన్ని మరిచిపోతే ఎలుకకు ఊలంత మెత్తని గూడు దొరికినట్టే.

పైన ఊలును చూసుకోవడానికి సీలింగులో ఒక మూల రెండు అడుగుల చదరం తలుపు పెట్టించండి. ఊలు శ్లాబుకే అంటి ఉంది కాబట్టి ఆ తలుపు మీద వేరే అడ్డు అవసరం లేదు. వీలైతే పైన తూము ఉన్న మూల ఎంచుకోండి, మిద్దె కారడం చాలావరకు అక్కడే మొదలవుతుంది.

పని సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి, ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం ఏడు గంటలకు, ఏసీ ఆపి, తలుపులు మూసి, దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో సీలింగును ఒకసారి, గదుల మధ్య గోడను ఒకసారి చూడండి. పడమటి గోడతో పోల్చవద్దు, దానికి దాని ఎండ వేరే ఉంటుంది. తేడా మూడు డిగ్రీల లోపు ఉంటే పని కుదిరింది. సీలింగంతా ఒక తీరుగా ఉండి ఒకచోట మాత్రం అంకె పెరిగితే అక్కడ పలక జారింది, లేదా అతుకు విడింది; గుర్తు పెట్టుకుని తలుపు నుంచి చూడండి. తేడా సరిగానే ఉండి గది ఇంకా వేడిగా తోస్తే అది గోడల వేడి, దానికి రాత్రి పది తరువాత ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి.

మొదటి గట్టి వాన పడిన మర్నాడు ఆ తలుపు తెరిచి, టార్చి వేసి రేకు అడుగు భాగమంతా చూడండి. ఎక్కడైనా రేకు కిందికి ఉబ్బి ఉంటే వేలితో నొక్కండి. మెత్తగా, బరువుగా తగిలితే అక్కడ నీరు నిలిచింది: రేకును చిన్నగా కోసి నీటిని బకెట్టులోకి దించి, తడిసిన పలకను తీసేసి, పైన కారే చోటు మూయించి, శ్లాబు ఆరిన తరువాతే కొత్త పలక వేయించండి. తడిసిన ఊలును ఆరబెట్టి మళ్లీ వాడవద్దు.